పేరంటపు పాట

తెలుగు సంఘముల సంచికలను తిరుగవేసినచో అందలి సాహిత్యవ్యాసములకు ఒక రాచబాట ఏర్పడియున్నట్లు కానవచ్చును. తంజావూరి నాయకరాజుల సరస్వతీసేవ, మధుర నాయకుల నాటి వచనకావ్యములు, త్యాగరాజస్వామి నాదోపాసన అను ఈ మూడింటిలో ఒకటైనను లేని సంచిక అరుదు. ఇవి మన పూర్వుల గొప్పలు. వీనిని తలచుకొనుట ఉచితమే. ఐనను ఆ రాజులు పోయిరి, ఆ ఆస్థానములు పోయినవి. ఇల్లు మాత్రము నిలిచినది. ఆ ఇంటి నడిమిగదిలో చాపమీద కూర్చుండి మన తల్లులు, అవ్వలు పాడుకొనిన పాటలను గూర్చి మన సంచికలలో వ్రాసినవారు తక్కువ. వ్రాసినవారును ‘పాతకాలపు ముచ్చట’ యని మురిసి విడిచిరే కాని, సాహిత్యముగ నెంచి దానికి తగిన తూనికతో తూచినవారు ఇంకను తక్కువ. ఆ పని కొంతవరకైన చేయవలెనని మా ఉద్దేశము.

పేరంటమన నేమో మన పాఠకులకు చెప్పబనిలేదు. అయినను విమర్శకు దిగుటకు ముందు దాని తీరును ఒకసారి జ్ఞప్తికి దెచ్చుకొందము. దానికి ముద్రించిన ఆహ్వానపత్రిక లేదు. ఇంటి పిల్ల కుంకుమభరిణె చేతబట్టుకొని నాలుగిండ్లకు పోయి, బొట్టుపెట్టి, “సాయంకాలము మా ఇంట పేరంటము, అమ్మ రమ్మన్నది” అని చెప్పి వచ్చును. అప్పటికి శనగలు నానుచుండును. వచ్చినవారికి పసుపు, కుంకుమ, గంధము, తాంబూలము, దోసెడు శనగలు. బారసాలకు ఉయ్యాల పాట, భోగినాడు పిల్లలకు రేగుపండ్లు పోసి హారతి పాట, బొమ్మల కొలువు ముందు తోచిన పాట, సీమంతమునకు గాజులు తొడుగుచు ఒక పాట, పెండ్లియందు పురోహితుని పని ముగిసి అతడు ప్రక్కకు జరిగిన తరువాత నలుగు పాట. ఖర్చు స్వల్పము, ఏర్పాటు అంతంతమాత్రము, ఆలస్యము సహజము. పిలిచినవారికి రెట్టింపు మంది వచ్చినను చిన్నబోవుట లేదు. సగము మంది వచ్చినను చిన్నబోవుట లేదు.

ఈ వేడుకలో పాట ఎక్కడ నుండి వచ్చును? ఎవరో ఒకరు “ఏదీ, ఒక పాట” అందురు. అందరును “నాకు రాదు” అందురు. “నీ గొంతు బాగుండును, నీవే పాడవమ్మా” అని ఒకరినొకరు త్రోయుదురు. కట్టకడపట ఒకామె మొదలు పెట్టును. రెండవ చరణము నాటికి నలుగురు కలియుదురు. మూడవ చరణము నాటికి పాడనివారు లేరు. ఇదియే మా వాదమునకు మూలము. పేరంటపు పాటకు శ్రోతలు లేరు. ఉన్నవారందరు పాడువారే. శ్రోతలు గల సంగీతమునకు ఏర్పడిన కొలతలతో దీనిని కొలిచినచో ఇది తేలిపోవును. తన కొలతతో కొలిచినచో దీని పటుత్వము తెలియును.

ఈ పాటలను అచ్చున కెక్కించిన పెద్దలకు మనము ఋణపడియున్నాము. ‘కృష్ణశ్రీ’ యను పేర శ్రీపాద గోపాలకృష్ణమూర్తిగారు కూర్చిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ 1955లో హైదరాబాదు ఆంధ్రసారస్వత పరిషత్తు వారిచే వెలువడినది. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వచ్చి, ఇట్టి పాటలకు విశ్వవిద్యాలయములందు పీట వేసినది. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఆంగ్లమున ప్రకటించిన వ్యాసము, ఈ రామాయణము స్త్రీలు తమకై తాము కట్టుకొనిన వేఱు రామాయణమని లోకమునకు చూపినది. అయినను అచ్చుపుస్తకము పాటలోని మాటలను పట్టుకొనగలదే కాని, “తరువాత ఏమిటే?” అని పాడునామె ఆగినపుడు ప్రక్కనున్నామె అందించిన మాటను పట్టుకొనలేదు. ఆ అందించుటలోనే ఈ సాహిత్యపు ప్రాణము కొంత ఉన్నది. దానిని తరువాత విచారింతము.

ముందు వస్తువును చూతము. ఈ పాటలలోని రామాయణమున యుద్ధము చిన్నది, ఇల్లు పెద్దది. కౌసల్య వేవిళ్లు, పురుటినొప్పులు, పుట్టిన బిడ్డల ముచ్చటలు, పెండ్లియాటలు, అత్తకోడండ్ర సంగతులు వీనికి చాలినంత చోటు. ‘సీత గడియ’ యను పాటలో సీత ఇంటిపనులచే ఆలస్యముగ పడకటింటికి పోగా రాముడు అలిగి లోపల గడియ వేసికొనును. అప్పుడు కౌసల్య కోడలి పక్షము వహించి కొడుకును మందలించును. వాల్మీకి చూడని రాముడితడు. కాని ఆ పేరంటమునకు వచ్చిన ప్రతి ఆలును ఎఱిగిన రాముడు. మహాకావ్యమును నడిమిగదికి సరిపడునట్లు చిన్నది చేసిరని కొందఱందురు. మేమట్లు తలంపము. నడిమిగది ఎంత పెద్దదో చూపిరని మా తలంపు.

‘ఊర్మిళాదేవి నిద్ర’ను చూడుడు. అన్నవెంట అడవికేగిన లక్ష్మణుడు పదునాలుగేండ్లు నిదురమాని సేవ చేసెను. అన్నియేండ్లును ఊర్మిళ నిదురించెను. తిరిగివచ్చిన మగడు గదిలో అడుగిడగా ఆమె పరపురుషుడని బెదరి, పరసతిని కోరి చెడిన ఇంద్రుని, రావణుని కథలెత్తి హెచ్చరించును. ఈ సన్నివేశమున నవ్వున్నది, భయమున్నది, పదునాలుగేండ్ల వియోగపు బరువున్నది. లక్ష్మణుని త్యాగమును పొగడిన కవులున్నారు. ఆ త్యాగములో సగము ఎవరి ఖాతాలో వ్రాయవలెనో లెక్క తేల్చినది ఈ పాట. మగడు కొలువుకై దూరదేశము పోగా అత్తవారింట ఏండ్లు గడిపిన స్త్రీలు మన వలసకుటుంబములలో ఎందరు! వారు ఈ పాట పాడుచు ఎవరిని తలచుకొనిరో వేఱుగ చెప్పనక్కఱలేదు.

‘లక్ష్మణదేవర నవ్వు’ దీనికి జోడు పాట. నిండుకొలువులో లక్ష్మణుడు ఊరక నవ్వును. పదునాలుగేండ్లు గడువడిగిన నిద్రాదేవి అప్పుడే ఎదుట నిలుచుటచే వచ్చిన నవ్వది. కాని కొలువులోని ప్రతివాడును తనలోని రహస్యపు లోపమును జూచియే నవ్వెనని కుములును. రాముడంతవాడు సయితము అట్లే తలచి కత్తిదూయును. పదిమంది చేరినచోట ఒకరు కారణము చెప్పక నవ్వినచో ఏమగునో పేరంటమునకు పోయినవారికి తెలిసినంతగ సభలకు పోయినవారికి తెలియదు. ఈ కథాకల్పనలోని మనుష్యజ్ఞానము ఏ ప్రబంధకవికిని తీసిపోదని మేము సాహసించి చెప్పుచున్నాము.

ఇక రూపమునకు వత్తము. పేరంటపు పాటకు మూడు సౌలభ్యములు గలవు. మొదటిది వంత. ప్రతి పాదము చివర వచ్చు చిన్నమాటను ఏమియు రానివారును అందుకొనగలరు. పొరుగింటి తమిళ పిల్లయు, కన్నడ కోడలును మొదటినాడే ఆ వంతతో పాటలో చేరుదురు. రెండవది సాగుడు. తాంబూలములు పంచుట ముగియలేదా, మరి నాలుగు చరణములు సాగును. చంటిబిడ్డ ఏడ్చెనా, అక్కడికే హారతి పాడి ముగించెదరు. పాట వేడుకకు కట్టుబడియుండును, వేడుక పాటకు కట్టుబడదు. మూడవది పేరు చేర్చుట. ఉయ్యాల పాటలో ఆ నాటి బిడ్డ పేరు, నలుగు పాటలో ఆ నాటి వధూవరుల పేర్లు, వియ్యపురాలి పాటలో ఆ నాటి వియ్యపురాలి పేరు చేరును. దానితో పాత పాట ఆ పూటకు క్రొత్తదగును. శాస్త్రజ్ఞులు దీనిని ఛందోభంగమన్న ననవచ్చును. తొట్టెలోని బిడ్డకు మాత్రము జీవితమున తన పేరు పాటలో విన్న మొదటి దినమది.

వియ్యపురాలి పాటలను గూర్చి ఒక మాట చెప్పకుండ వీలులేదు. తమిళులు ‘సంబంధి ఏసల్’ అనునదియు ఇట్టిదే. విందు వడ్డించుచు ఎదుటి పక్షమువారి తిండిని, నడకను, పిసినారితనమును వెక్కిరించు ఈ పాటలను మోటవని విడిచినవారున్నారు. కొన్ని మోటవే. కాని వీనిలో ఒక ధర్మమున్నది. తిట్టు పేరు పెట్టి తిట్టవలెను, ఎదుటనే తిట్టవలెను, తిట్టించుకొన్నవారు తిరిగి పాడుటకు వెంటనే అవకాశమీయవలెను. రేపటి నుండి ఒకరింటి పిల్లను మఱియొకరింట నుంచవలసిన రెండు కుటుంబములు తమ మనసులలోని గుబులును ఈ తీరున నవ్వుగ మార్చి చెప్పుకొనెడివి. నేటి పెండ్లిండ్లలో ఆ పాట లేదు. గుబులు మాత్రమున్నది, అది ఇండ్లకు పోయిన పిదప చాటున మాటలగుచున్నది.

ఇంటి వేడుకల పాటను తక్కువగ జూచుట స్త్రీల పాటల విషయమున మాత్రమే జరుగలేదు. తిరువారూరులో 1767లో తెలుగింట పుట్టి, తిరువైయాఱున 1847లో సిద్ధినొందిన త్యాగరాజస్వామి కృతులలోను ఈ భేదమును చేసినవారున్నారు. స్వామి తన ఇంటి రామునికి చేసిన దినదినపు సేవలకై ఉత్సవసంప్రదాయ కీర్తనలు రచించిరి. స్వాగతము, ఆరగింపు, ఊయల, లాలి, పవ్వళింపు, హారతి అను ఇంటిముచ్చట లన్నిటికి అందు చోటు గలదు. వీనిలో రాగప్రస్తారము తక్కువయని, ఇవి పంచరత్నములకు సాటిరావని సంగీతవిమర్శకులు తూచిరి. తూనిక సరియే, కాని త్రాసు వేఱు. ఊయల నూపువారికి రాగప్రస్తారముతో పనిలేదు. నూపుచేయికి సరిపడు లయతో పని. ఆ కీర్తనలే కచేరీల నుండి ఇండ్లలోనికి నడచిపోయినవి. స్వామి సీతాకల్యాణ కీర్తన పాడని తమిళుల పెండ్లి దక్షిణదేశమున అరుదు. తెలుగు తెలియని ఇల్లాండ్రు తెలుగున పాడి తమ బిడ్డలకు పెండ్లి చేయుచుండ, తెలుగు తెలిసిన మనము పాట కట్టిపెట్టి గాయకులకు కూలి యిచ్చుచున్నాము. ఇది ఆలోచింపదగిన విషయము.

మన వంటి కుటుంబములకు ఈ పాట ఏల ముఖ్యమో ఇప్పుడు చెప్పుదుము. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా బరంపురపు తెలుగువారు కదలకయే వేఱు రాష్ట్రపువారైరి. 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చినపుడు మదరాసు మనవారిని తనయందే నిలుపుకొన్నది. 1956లో సరిహద్దులు మరల గీయబడినవి. యానాము ఫ్రెంచివారి చేతినుండి 1954లో విడివడినను పుదుచ్చేరితోనే యుండెను. గీతలు జరిగినవి, మనుష్యులున్నచోటనే యుండిరి. బడులు మాత్రము గీతలను బట్టి మాఱినవి. 2006లో తమిళనాట తమిళపాఠమును తప్పనిసరి చేసిన చట్టము వచ్చిన పిదప, తెలుగు చదువు పిల్లల త్రోవ మఱింత ఇఱుకైనది. ఇరుగుపొరుగు భాష నేర్వవలదని మేమనము. అన్నము పెట్టిన నేల భాష నేర్చుట ధర్మము. కాని మన బిడ్డలలో పెక్కుమందికి తెలుగక్షరము రాదను సంగతిని దాచి లాభము లేదు. అక్షరము రాని బిడ్డకు తెలుగు ఎక్కడ దొరకును? ఉత్తర్వులతో పనిలేని బడి యొకటే మిగిలినది. అది ఇంటిలో శనగలు నానబోసినపుడెల్ల తెఱచుకొనును.

ఆ బడిలో బొమ్మల కొలువును మించిన వాచకము లేదు. కోస్తా ఆంధ్రమున పెక్కిండ్లలో సంక్రాంతికి పెట్టు కొలువును, చెన్నపట్టణమున, బెంగుళూరున నున్న మనవారనేకులు ఇరుగుపొరుగుతోపాటు దసరాకు పెట్టుచున్నారు. ఒక పాత ఇంటి కొలువును పైమెట్టు నుండి చదువుడు. అవ్వగారి నాటి కొండపల్లి ఏనుగు అంబారి, తెల్లపొణికి కఱ్ఱతో చేసినది. దాని క్రింద ఏటికొప్పాక లక్కపిడతలు. ఆ క్రింద పెండ్లినాడు వచ్చిన ఎఱ్ఱచందనపు జంట. తమిళులు దానిని మరప్పాచ్చి యనియు, మైసూరువారు పట్టద గొంబె యనియు అందురు. ఆ క్రింద పణ్రుట్టి మట్టిబొమ్మలు, చెన్నపట్న లక్కబొమ్మలు. ఒక కుటుంబము నడచివచ్చిన దారి యంతయు మెట్లమీద నున్నది. చేయి విఱిగిన బొమ్మను వెనుకకు తిప్పి నిలిపియుందురే కాని పాఱవేయరు. బిడ్డ “ఇది ఎవరిది?” అని యడుగును, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలుగులో వచ్చును. ఇప్పుడు అంగడిలో ఒక్కమాటున కొని తెచ్చిన ఏకరీతి కొలువులను చూచుచున్నాము. కంటికింపుగనే యున్నవి. కాని వానిలో అడుగదగిన ప్రశ్న ఒకటియు లేదు.

షోలాపురమున మగ్గము నమ్ముకొని స్థిరపడిన పద్మశాలీ కుటుంబములు, బొంబాయి కామాటిపురపు తెలుగువారు ఏటేట ఆడుకొను బతుకమ్మ కూడ ఈ కోవలోనిదే. తంగేడు, గునుగు దొరకనిచోట దొరకిన పూలు పేర్చుదురు. ఒకామె ఎత్తుకొనును, చుట్టు తిరుగువారు చప్పట్లతో వంత పాడుదురు. ఎత్తుకొనునామె ఎవరైనను కావచ్చును, ఒకామె అలసినచో మఱియొకామె అందుకొనును. 2014లో తెలంగాణ ఏర్పడిన పిదప బతుకమ్మ రాష్ట్రపు పండుగగా గౌరవము పొందినది. అది సంతోషమే. కాని ఆ గౌరవపు వెంట మైకును, అచ్చువేసినట్టి ధ్వనితో వచ్చు సినిమాబాణీ పాటలును వచ్చినవి. పాట యంత్రము నుండి వచ్చినపుడు చుట్టు తిరుగువారికి నోటిపని తప్పినది. అడుగులు మునుపటి కంటె కుదురుగ పడుచున్నవి. కాని క్రొత్తగ ఎత్తుకొనుట నేర్చిన పిల్ల ఒక్కతెయు మాకు కానరాలేదు.

ఇంతవరకు పొగడితిమి. తప్పులను దాచినచో విమర్శ కాదు. ఈ పాటలలో చాలభాగము చవిలేనివి. ఆడపిల్లకు ఓర్చుకొమ్మని చెప్పుటయే పనిగ పెట్టుకొన్నవి కొన్ని. ఎవరిని గడపలోపలికి పిలువవలెను, ఎవరిని గడపవెలుపల నిలుపవలెను అను కులపు లెక్క పేరంటములలోను నడచినది. అన్నిటికంటె పెద్దతప్పు ఒకటి. మగడు పోయినవారిని పేరంటమునకు పిలువరు. మా ఇంట నొక మేనత్త ఉండెడిది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ తుదివఱకు వచ్చినది మా బంధువర్గములో ఆమెకొక్కతెకే. ఆమె పదునెనిమిదవ యేట మగని పోగొట్టుకొన్నది. పేరంటము నాడు శనగలు నానబోయుట, తిరుగమోత పెట్టుట, తాంబూలములు కట్టుట ఆమె పని. పాట వేళకు వంటయింటి తలుపు చాటున కూర్చుండెడిది. నడిమిగదిలో పాడువారు చరణము మఱచి ఆగినపుడెల్ల, తలుపు వెనుకనుండి ఆ మాట వచ్చెడిది. అందరును దానినందుకొని పాడెడివారు. ఆ మాట ఎక్కడనుండి వచ్చెనని తిరిగి చూచినవారు లేరు. చిన్నతనమున మాకది వింతగ తోచలేదు. ఇప్పుడు తలచుకొన్నచో తలవంచుకొనవలసి వచ్చుచున్నది. ఊర్మిళను కనుగొనిన సాహిత్యము తలుపు వెనుకనున్న ఊర్మిళను కనుగొనలేకపోయినది.

దీనికి తోడు ఇటీవలి సంగతి యొకటి చెప్పి మా వ్యాసమును ముగింపునకు తెత్తుము. పాత పాటలు నశించుచున్నవని తలంచి మన సంఘములు ఉత్సవములందు స్త్రీల పాటల పోటీలు పెట్టుచున్నవి. ఉద్దేశము మంచిది, వానివలన తెలుగక్షరము రాని పిల్లలు సైతము తమిళాక్షరములలోనో కన్నడాక్షరములలోనో వ్రాసికొని ఒక పాట నేర్చుచున్నారు. అట్టి పోటీ యొకదానికి మేమును న్యాయనిర్ణేతలమై కూర్చుంటిమి. ఒక్కొక్కరికి మూడు నిమిషములు. శ్రుతికిన్ని మార్కులు, లయకిన్ని, ఉచ్చారణకిన్ని. డెబ్బదియేండ్లు దాటిన యొకామె వచ్చి హారతి పాట మొదలుపెట్టినది. రెండవ చరణమున ఆగినది. ఆగి, మఱచిపోయినవారు తల దించుకొనునట్లు దించుకొనలేదు. ప్రక్కకు తిరిగి, కుడియెడమలు చూచినది. ఎవరైన అందింతురని చూచినదని మాకు వెంటనే తెలియలేదు. సభలో రెండువందల మంది తెలుగువారుండిరి. ఒక్కరును నోరు మెదపలేదు. పోటీలో మాట అందించుట నియమవిరుద్ధము కదా! గంట మ్రోగినది. ఆమె దిగిపోయినది. మేము మార్కులు తగ్గించితిమి.

ఆ చరణము మాకు వచ్చును. వంటయింటి తలుపు చాటునుండి వచ్చిన చరణమది. అది నోటిదాక వచ్చినను మేము న్యాయనిర్ణేతల కుర్చీలో నుంటిమి గనుక మ్రింగితిమి. ఆ రాత్రి ఇంటికి వచ్చిన పిదప మాకు తోచినది ఇది. ఆమె పాటను తప్పు పాడలేదు. పాట ఎట్లు పాడవలెనో ఆ సభలో తెలిసినది ఆమెకొక్కతెకే. మఱచుట పాడునామె పాలు, అందించుట కూర్చున్నవారి పాలు. మేము మా పాలు నెఱవేర్పక, ఆమె పాలునకు దండన విధించితిమి.

కావున పోటీలను ఎత్తివేయుడని మేము చెప్పము. సంవత్సరమునకొకసారి వేదిక మీద పాడినందున కీడు లేదు. కాని వేదిక మీద పాడినదే పాట యని తలచుట కీడు. పాట బ్రతుకవలసినది ఇండ్లలో. అందుకు మండపము అద్దెకు తీసికొనవలదు, వంటవారిని కుదుర్చవలదు, కార్డులు అచ్చువేయింపవలదు. ఫోనులో పాట లక్షణముగ దొరకును. అది నేర్చుకొనుటకు పనికివచ్చును, పాడువేళ దానిని ప్రక్కన పెట్టవలెను. మగపిల్లలను పెరటిలోనికి తఱుమక కూర్చుండబెట్టవలెను, వారికిని నోరున్నది. పొరుగింటి తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ స్త్రీలను పిలిచి వారి పాటనొకదానిని వినవలెను, మన వంతను వారికీయవలెను. గొంతు లేదనువారిని ముందుగ పాడింపవలెను. గొంతున్నవారు పిదప సరిచేతురు.

ఈ వేడుకలకు శాస్త్రగ్రంథము లేదు. పురోహితుడు లేడు. ఎవరి అనుమతియు అక్కఱలేదు. వీనిలోని మంచిని నిలుపుటకు ఎట్లు మన చేయి చాలునో, వీనిలోని తప్పును దిద్దుటకును అట్లే చాలును. తల్లి పిలుపే ఆహ్వానమైనచోట, ఆ తల్లి ఎవరిని పిలిచిన వారే పేరంటాండ్రు. మా ఇంట మొన్నటి దసరా కొలువునకు మగడు పోయిన ఇద్దరిని మొదట పిలిచి, మొదటి తాంబూలము వారికిచ్చితిమి. ఆకాశము విఱిగి పడలేదు. ఒకరిద్దరు ముఖము ముడుచుకొనిరి. శనగలు తిని పోయిరి. ఆ ఇద్దరిలో ఒకామె ‘లక్ష్మణదేవర నవ్వు’ ఎత్తుకొన్నది. మేము వినియుండని చరణములు మూడు అందులో వచ్చినవి.

మా మేనత్త ఇప్పుడు లేదు. ఆమెను ఆ గదిలో కూర్చుండబెట్టు పుణ్యము మాకు దక్కలేదు. ఈ సంచిక చదువు ఇండ్లలో అట్టివారు ఇంకను ఉందురు. వచ్చు పండుగకు కుంకుమభరిణెతో పిల్లను పంపునపుడు మొదట వారి గడపకే పంపుడని మా ప్రార్థన. వారి యొద్ద ఎన్ని చరణములున్నవో వారు పాడువఱకు మనకు తెలియదు.